ఇంజనీరు కావలెనందురు, ఇంజనీరింగు చేయనీయరు

ఈ కన్నడ సీమలో మూడు నాలుగు తరములుగా స్థిరపడియున్న మన తెలుగు కుటుంబములలో బారసాల నాటినుండియే వినవచ్చు మాట యొకటి కలదు. "వీడిని ఇంజనీరును చేయవలెను" అనునదే ఆ మాట. నేడు ఆడపిల్లల విషయమునను ఆ మాటయే వినుచున్నాము, అది సంతోషింపదగినదే. ఆ కోరికను మేము తప్పుపట్టుట లేదు. ఆ కోరిక తీర్చుటకై మనము త్రొక్కుచున్న దారిని మాత్రము నిర్మొగమాటముగా ఖండింపదలచితిమి.

ఆ దారి యెట్టిదో పాఠకులకు తెలియనిది కాదు. ఆరవ తరగతి యందే పిల్లవానిని ప్రవేశపరీక్షల శిక్షణకు పంపుదుము. సూత్రములు కంఠస్థము చేయింతుము. నాలుగు జవాబులలో సరియైనదానికి గుర్తు పెట్టు విద్య నేర్పింతుము. ఇంటిలో కుళాయి కారుచున్నచో ప్లంబరును పిలుతుము. పిల్లవాడు ప్రక్కన నిలిచి చూడబోయిన "నీకెందుకురా, పోయి చదువుకో" యని గదుముదుము. పదునెనిమిదవ యేట వానిని కళాశాలలో చేర్పించి, ఇక ఇంజనీరు కమ్మందుము. ఈత నేర్పదలచినవాడు పదునెనిమిదేండ్లు బిడ్డను గట్టుమీదనే కూర్చుండబెట్టి, నీటిని గూర్చి ప్రశ్నలడిగి మార్కులు వేసినచో లోకము నవ్వదా? మన చదువును జూచి ఎవరును నవ్వుట లేదు. కారణము, అందరును అదే చేయుచుండుట.

మా చదువు ఎస్.ఎస్.ఎల్.సి. వరకే. ముప్పదియైదేండ్లు గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందినవారము. ఇంజనీరింగును గూర్చి వ్రాయుటకు మీకేమి అధికారమని ఎవరైన నడుగవచ్చును. మా బల్లమీదుగా అర్జీలు పోయినవి, అంచనాలు పోయినవి, బిల్లులు పోయినవి. కాగితముమీద చక్కగా నున్న పనులు నేలమీద ఎట్లు చెడుచుండెనో ఆ కాగితములే మాకు చెప్పినవి. నీరు పల్లమునకు పోవునను సంగతి మరచి మెరకకు కట్టిన మురుగుకాలువలు, వాడువారిని ఒక్కమాటైన అడుగక కట్టిన షెడ్లు, మరల వానిని పడగొట్టుటకు మంజూరైన సొమ్ములు, ఇవి యన్నియు పట్టభద్రులైన ఇంజనీర్ల సంతకములతోనే వచ్చినవి. వారికి లెక్కలు రాకపోలేదు. సమస్య యేదో ముందుగా అడిగి తెలిసికొను అలవాటు వారికి చిన్ననాట ఎవరును నేర్పలేదు. అదే మా వాదము.

ఇంజనీరింగనగా యంత్రములు కాదు, సూత్రములు కాదు. అది యొక పద్ధతి. ఎవరికి ఏ యిబ్బంది కలుగుచున్నదో కనుగొనుట, దానిని కొలుచుట, ఎంత సొమ్ము, ఎంత చోటు, ఎంత కాలము ఉన్నదో తెలిసికొనుట, ఒక ఉపాయముతో తృప్తిపడక నాలుగైదు ఉపాయములు తలచి, వానిని సరిపోల్చి ఒకదానిని ఎన్నుకొనుట, చిన్న నమూనా చేసి పరీక్షించుట, అది చెడినచో ఎందుకు చెడెనో చూచి సవరించుట, మరల పరీక్షించుట. ఇంతియే. అమెరికా దేశమునందలి బోస్టను నగరపు విజ్ఞాన ప్రదర్శనశాలవారు 2003లో ఆరంభించిన ప్రణాళికలో దీనినే చిన్నపిల్లలకు ఐదు మాటలలో నేర్పిరి: అడుగుము, ఊహింపుము, పథకము వేయుము, తయారు చేయుము, మెరుగుపరచుము. ఎనిమిదేండ్ల బిడ్డకు ఈ ఐదు మాటలు తెలియరానివా? మన ఇండ్లలో అమ్మలు పొయ్యి దగ్గర దినదినము చేయునది ఇదియే గదా.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు మన సంఘముల గోడలమీద పటముగా వ్రేలాడుచున్నది. ఆయన పూర్వులు నేటి ఆంధ్రదేశమందలి మోక్షగుండమునుండి వచ్చి ముద్దేనహళ్ళిలో స్థిరపడిన తెలుగువారు. మనవంటి కుటుంబమే. సెప్టెంబరు 15వ తేదీన ఆయన పటమునకు దండవేసి, ఇంజనీర్ల దినమని ఉపన్యాసములు చేయుదుము. ఆయన ఏమి చేసెనో పిల్లలకు చెప్పుదుమా? పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయమునందు వరదనీరు పొర్లుకట్టమీదుగా వృథాగా పోవుచుండెను. ఆనకట్టను ఎత్తు చేయుట ఒక ఉపాయము. కాని అది ఖర్చుతోను అపాయముతోను కూడినది. ఆనకట్టను ముట్టకయే నీటిని ఎట్లు నిలుపవచ్చునని ఆయన ఆలోచించెను. నీరు ఒక మట్టమునకు చేరువరకు మూసియుండి, అది మించినపుడు వానంతట అవే తెరచుకొని, వరద తగ్గినపుడు మరల మూసికొను తలుపులను కల్పించి, 1903లో అచ్చట అమర్చెను. తరువాత గ్వాలియరు దగ్గరి తిగ్రా ఆనకట్టకును, కృష్ణరాజసాగరమునకును అట్టి తలుపులే వాడిరి.

1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. మరుసటి యేడు ఆయనను పిలిపించిరి. నగరములో గోడలు లేపుటతో ఆయన ఆగలేదు. వాన యెచ్చట కురియుచున్నది, నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నదని నదికి ఎగువన వెదకెను. 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగరు, 1927లో పూర్తియైన హిమాయత్ సాగరు ఆ వెదుకులాటకు ఫలములు. బాధ కనబడిన చోటనే దాని కారణ ముండనక్కరలేదను పాఠము ఇందున్నది. దీనిని చెప్పక దండ వేసినంత మాత్రమున ఏమి లాభము?

ఇక తమిళదేశమున స్థిరపడిన మనవారిలో కోయంబత్తూరు జి.డి. నాయుడుగారిని తలచుకొందము. ఆయన 1893లో పుట్టి 1974లో గతించెను. బడి చదువు స్వల్పము. మోటారు సైకిలును విప్పి మరల బిగించి యంత్రవిద్య నేర్చినవాడు. 1937లో మరియొక తెలుగు బిడ్డయైన డి. బాలసుందరం నాయుడుగారితో గూడి స్వదేశీ విద్యుత్ మోటారును తయారు చేసెను. 1945లో కోయంబత్తూరున ఇంజనీరింగు కళాశాల నెలకొల్పుటకు ధనమిచ్చి, దానికి ప్రిన్సిపాలుగా కూడ నుండి, నాలుగేండ్ల చదువు కాలహరణమనియు రెండేండ్లు చాలుననియు వాదించి, ఆ మాట చెల్లకపోగా తప్పుకొనెను. రెండేండ్లు చాలునా చాలవా యనునది వేరు సంగతి. చేతితో చేయని చదువు ఎంత పొడవైనను కురుచయే యని ఆయన జీవితము చెప్పుచున్నది.

"ఇవి మహాపురుషుల కథలు, బడిపిల్లలు ఆనకట్టలు కట్టుదురా?" అని అందురు. కట్టనక్కరలేదు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. బడిలోనే కావలసినన్ని సమస్యలున్నవి. ఒక బడిని ఊహింతము. 240 మంది పిల్లలు, 4 కుళాయిలు, మధ్యాహ్న భోజన విరామము 40 నిమిషములు. చేతులు కడుగుకొనుటకు ఒక్కొక్కరికి అర నిమిషము. ఒక్కొక్క కుళాయికి 60 మంది. అనగా 30 నిమిషములు. కడపటి బిడ్డకు అన్నము తినుటకు మిగులునది 10 నిమిషములు. అందుచేత సగము మంది చేతులు కడుగుకొనకయే తిందురు. ఉపాధ్యాయులు "శుభ్రత లేదు" అని దండింతురు. తప్పు పిల్లలదా, లెక్కదా?

ఈ లెక్కను ఐదవ తరగతి పిల్లలే కట్టగలరు. ముందుగా గడియారము పట్టుకొని మూడు దినములు కొలువనిండు. తరువాత ఉపాయములు చెప్పనిండు. ఒకడు "ఇంకను కుళాయిలు పెట్టింతము" అనును. దానికి సొమ్మెంతయో విచారింపవలెను. ఒకతె "తరగతులను మూడు జట్లుగా చేసి, పది పది నిమిషముల తేడాతో విడిచిన చాలును" అనును. ఒక్క పైస ఖర్చులేదు. ఎవరును పది నిమిషములకు మించి నిలువనక్కరలేదు. కాని వంటవారు ఇరువది నిమిషములు ఎక్కువ కాచుకొనవలెను; బయటి సందడికి లోపలి తరగతులు చెడును. మరియొకడు ఒక గొట్టమునకు రంధ్రములు పొడిచి, వరుసగా పదిమంది చేతులు పట్టునట్లు చేయుదమనును. ఈ మూటిలో ఏది మేలో వాదించుకొననిండు. ఆ వాదములో పిల్లలు నేర్చునది ఏ శిక్షణాలయమునందును దొరకదు.

గొట్టమునే ఎన్నుకొనిరనుకొందము. లోపలి వెడల్పు 25 మిల్లీమీటర్లు గల గొట్టము తెచ్చి, చేతికి నీరు బాగుగా పడవలెనని 8 మిల్లీమీటర్ల రంధ్రములు పది పొడిచిరి. నీరు విడువగా మొదటి రంధ్రములు బుసకొట్టుచున్నవి, కడపటివి కన్నీరు కార్చుచున్నవి. పరీక్ష చెడినది. మన బడులలో ఇచ్చటనే ఆట ముగియును. మాస్టరు చీవాట్లు పెట్టును. నిజమునకు పాఠము ఇచ్చటనే మొదలగును. వృత్తముల వైశాల్యము వ్యాసముల వర్గములనుబట్టి యుండునని బడిలో చెప్పుదురు గదా. గొట్టము నోటికి 25 వర్గము 625. రంధ్రములకు 8 వర్గము 64, పదింటికి 640. రంధ్రములన్నియు కలిసి గొట్టము నోటికంటె పెద్దవైనవి! ఇక చివరి వరకు నీరెట్లు పోవును? 3 మిల్లీమీటర్ల రంధ్రములైనచో 9 చొప్పున పదింటికి 90. గొట్టము నోటిలో ఏడవవంతు మాత్రమే. అప్పుడు పది చేతులమీదను నీరు ఇంచుమించు సమముగా పడును. పాత కుళాయిలు నాలుగును కలిపి 14 చోట్లు; 240 మందికి 9 నిమిషములు చాలును. పడిన నీరు బురద చేయుచున్నదా? వాటము తీసి అరటిపాదులకు మళ్ళింపవలెను. అది మరియొక పాఠము. వైశాల్యసూత్రమును ఈ విధముగా నేర్చిన బిడ్డ బ్రతికినంత కాలము మరచునా?

దీనికి బదులుగా మన బడులలో జరుగుచున్నదేమి? ఏటికొకసారి విజ్ఞాన ప్రదర్శన మందురు. దుకాణమున కొనితెచ్చిన థర్మోకోలు అగ్నిపర్వతము, తండ్రి చేసి యిచ్చిన నీటిచక్రము, బల్లమీద దీపములు వెలుగు నగరము! అతిథి వచ్చి చేయి వేసి పోవును. ఆ వెలుగు నగరమునకు పది గజముల దూరమున మరుగుదొడ్డి తలుపునకు గడియ లేక, ఒక ఆడపిల్ల లోనుండగా మరియొకతె బయట తలుపు పట్టుకొని నిలుచుండును. ఆ గడియను గూర్చి ఎవరును నమూనా చేయరు. అది సమస్య యని ఎవరికిని తోచదు. ఇదే నేల విడిచి సాము చేయుట యనగా.

ఈ మాటలు మేము క్రొత్తగా చెప్పుచున్నవి కావు. 1937లో వార్ధాలో గాంధీ మహాత్ముడు చేతిపని ద్వారమున చదువు చెప్పుడనెను. 1964 మొదలు 1966 వరకు పనిచేసిన కొఠారీ కమిషను కార్యానుభవము చదువులో భాగము కావలెననెను. 2020నాటి జాతీయ విద్యావిధానము ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు పిల్లలు పది దినములు సంచిలేకుండ వచ్చి, వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మొదలైనవారి యొద్ద పని నేర్వవలెననుచున్నది. 2016 నుండి అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పేర, ఎన్నుకొనిన ఒక్కొక్క బడికి ఇరువది లక్షల వరకు సహాయము నిచ్చుచున్నారు. ఉపకరణములు వచ్చుట మంచిదే. కాని ఉపకరణము ప్రశ్నను పుట్టింపదు. ప్రశ్న ఉన్న బడికి సుతారపు సంచి చాలును. ప్రశ్న లేని బడికి ఇరువది లక్షల యంత్రములును బీరువాకు అలంకారములే.

ఆక్షేపణలకు సమాధానము చెప్పుదము. మొదటిది, మార్కులు తగ్గునని. వారమునకు రెండు గంటలు కొలిచి, లెక్కకట్టి, వ్రాసిన పిల్లవానికి గణితమును భౌతికశాస్త్రమును తగ్గునో పెరుగునో పై గొట్టమే చెప్పినది. రెండవది, పిల్లలకు దెబ్బలు తగులునని. రంపమును పెద్దవారు చేతనుంచుకొని, కొలబద్దను పిల్లల కిండు. విద్యుత్తు జోలికి పోనీయకుడు. మూడవది, ఉపాధ్యాయులకు రాదని. రాకున్న పిల్లలతోపాటు నేర్చుకొందురు. జవాబు ముందుగా తెలియని ప్రశ్నయే ఈ విద్యకు మూలము. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనువారికి మాత్రము ఇది కష్టము. ఏలయన పరీక్ష పెట్టి కాళ్ళు లెక్కించుటయే ఇందలి నియమము.

నాలుగవ ఆక్షేపణ న్యాయమైనది. బడి బాగుచేయుట ప్రభుత్వపు బాధ్యత గదా, దానిని పిల్లల నెత్తిన వేయుదురా యని కొందరందురు. వేయరాదు. త్రాగునీరును, బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లును ప్రతి బడిలో నుండవలెనని 2009నాటి విద్యాహక్కు చట్టమే చెప్పుచున్నది. పేదపిల్లలచేత ఊడ్పించి, కలవారి పిల్లలను తరగతిలో కూర్చుండబెట్టి, దానికి కార్యానుభవమని పేరు పెట్టినచో దానిని అందరికంటె ముందుగా మేమే ఎదిరింతుము. కాని కొలుచుట వేరు, మోయుట వేరు. పిల్లల చేతికి అందని పనియైనచో వారి కొలతలతో అర్జీ వ్రాయనిండు. ఈ విషయమున మా అనుభవమును నమ్ముడు. "నీళ్ళకు చాల ఇబ్బందిగా నున్నది" అను అర్జీ కట్టలో అడుగున పడును. "240 మందికి 4 కుళాయిలు, 30 నిమిషములు పట్టుచున్నది, ఇదిగో మూడు దినముల పట్టిక" అను అర్జీని ఏ గుమాస్తాయు దాచలేడు. దానిపై ఏదో యొకటి వ్రాసి పైకి పంపక తప్పదు.

అసలు అడ్డంకి ఈ నాలుగును కావు. పైకి చెప్పని ఐదవది యొకటి కలదు. చేతిపని తక్కువ పనియను భావము. "మా అబ్బాయి ఇంజనీరు కావలెనుగాని మేస్త్రి కానక్కరలేదు" అని మన పెద్దలు సభలలోనే అనుచున్నారు. వారు తమ వంశచరిత్రను మరచిరి. ముంబయిలో కామాఠీలని పేరుపడిన తెలుగు కూలీలు, మేస్త్రులు ఆ నగరపు కట్టడములకు రాళ్ళెత్తిరి. షోలాపురమున మన పద్మశాలీలు మగ్గములమీద ఊరికే పేరు తెచ్చిరి. కోలారు బంగారు గనులు 2001లో మూతపడువరకు వాని చీకటిలో దిగినవారిలో తెలుగువారును ఉండిరి. పరసీమలో మనకు నిలువనీడ నిచ్చినది ఆ చేతులే. ఆ చేతుల మనుమలు నేడు చీల దిగగొట్టుట నామోషీ యనుచున్నారు. ఇంతకంటె కృతఘ్నత కలదా?

ఇచ్చటనే మన భాష సంగతియు వచ్చుచున్నది. సంఘమువారు ఆదివారపు తెలుగు తరగతి నడుపుచున్నారు. పదేండ్లు దాటిన పిల్లలు ఒక్కొక్కరుగా మానుచున్నారు. పద్యములు చెప్పించితిమి, పాటలు పాడించితిమి, ఐనను నిలుచుట లేదని వాపోవుచున్నారు. ఎట్లు నిలుతురు? కొలుచుటకు ఇంగ్లీషు, వీధికి కన్నడము, తెలుగు మాత్రము ఉగాది పచ్చడికి! పనిలో వాడని భాష పండుగనాడు కట్టు పట్టుబట్ట వంటిది. పెట్టెలో భద్రముగానే యుండును, ఒకనాడు తీసి చూచినపుడు మడతలవెంట చీలియుండును. రసమట్టము, మూలమట్టము, వాటము, తూము, బద్ద, చీల, మర, ఈ మాటలు మన తాతల నోట మెలగిన తెలుగు మాటలు. నేటి పిల్లలలో ఎందరికి తెలియును? మన పేటలలో ముసలి మేస్త్రులు, వడ్రంగులు ఇంకను కొందరున్నారు. వారిని ఆదివారపు తరగతికి పిలిచి, పండితుని ప్రక్కన కుర్చీ వేసి కూర్చుండబెట్టుడు. బడిలో పిల్లలు కన్నడమున మాట్లాడి కొలిచిన కొలతలను, పడిన వాదములను, చెడిన నమూనా కథను ఇచ్చట తెలుగున వ్రాయింపుడు. మేలు జరుగునది బడిలోని అన్ని భాషల పిల్లలకును. మనము ఈ నేలకు అతిథులము కాము. పొరుగువారి బిడ్డకు నీళ్ళందించిన ఇంటిపేరును ఈ నేల మరువదు.

కావున సంఘపు కార్యవర్గమునకు మా విన్నపము సూటిగా చెప్పుచున్నాము. ప్రవేశపరీక్షలో సీటు వచ్చినవారికి ఏటేట ఇచ్చు బహుమానపు సొమ్ములో సగము ఈ యేడు విడదీయుడు. సీటు వచ్చినవానికి లోకమే బహుమాన మిచ్చును. మన శాలువ వానికి అక్కరలేదు. ఆ సగము సొమ్మును తమ బడిలోని ఒక్క ఇబ్బందిని కొలిచి, ఉపాయము చేసి, పరీక్షించి, సవరించి, ఆ వృత్తాంతమును తెలుగున పది పుటలు వ్రాసిన పిల్లల జట్టునకిండు. జట్టులో కన్నడిగుల పిల్లలున్నచో వారికిని సమముగా పంచుడు. ఉపాయము ఫలింపకున్నను, ఎందుకు ఫలింపలేదో నిజాయితీగా వ్రాసినవారికి బహుమానము తగ్గింపకుడు. పరీక్షకులుగా ఒక ఉపాధ్యాయుని, ఒక మేస్త్రిని, ఆ బడిలో వంటచేయు తల్లినొకతెను ఉంచుడు. వాడువారి తీర్పే తీర్పు.

దీనికి భవనము అక్కరలేదు, చందాల పుస్తకము అక్కరలేదు. మన సంఘ మందిరపు పెరటిలో కుళాయి యొకటి రెండేండ్లుగా కారుచున్నది. దాని క్రింద బకెట్టు పెట్టి సభలు జరుపుకొనుచున్నాము. వచ్చు ఆదివారము తరగతి పిల్లలను అచ్చటికి పంపి, గంటకు ఎన్ని చెంబుల నీరు పోవుచున్నదో కొలిచి రమ్మని చెప్పుడు.